సమస్యాపూరణం: "కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె"

కవిమిత్రులకు నమస్కారం. అసంభవంగా తోచే ఒక పాదాన్ని ఇస్తే, ముందు మూడు పాదాలు చేర్చి అర్థం కుదర్చడమే పూరణ. ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం:

కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె

పూరణ సురభి కమలాబాయి గారి నటజీవితాన్ని ఆశ్రయించి ఉండాలి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి ఆమేనని అందరికీ తెలుసు. అంతకుముందు సురభి కుటుంబ నాటక సమాజపు రంగస్థలం మీద ఆమె బాలనటిగా ధరించిన వేషాలను గుర్తు చేసుకుంటే సమస్యలోని అసంభవం దానంతట అదే విడిపోతుంది.

పూరణ 1 (తెనాలి సభ్యులు)

చిన్ననాఁడు ప్రహ్లాదుఁడై చిందులాడి
సురభి వేదికఁ బేరొంది సొబగు మీర
కమల లీలావతిగ నిల్చెఁ గదలు తెరను
కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె.

సమీక్ష: ఆర్యా, మీ పూరణ సమస్య గుండెను సూటిగా తాకింది. గణాలు, యతులు సరిగా ఉన్నాయి. ఒకప్పుడు తానే ప్రహ్లాదుడైన బాలిక, 1932లో విడుదలైన చిత్రంలో సింధూరి కృష్ణారావు ధరించిన ప్రహ్లాదుడికి తల్లిగా, మునిపల్లె సుబ్బయ్య గారి హిరణ్యకశిపుడికి భార్యగా నిలవడాన్ని మూడు పాదాల్లో చెప్పగలిగారు. అయితే 'కదలు తెర' అనడం కుదరదు; కదిలేది బొమ్మ, తెర నిలిచే ఉంటుంది. "కమల లీలావతిగ నిల్చెఁ గాంతితెరను" అంటే యతి చెడకుండా అర్థం నిలుస్తుంది. 'సొబగు మీర' పాదాన్ని నింపడానికి వచ్చిన మాటలా ఉంది. నేపథ్యగానం లేని ఆ రోజుల్లో ఎవరి పాట వారే పాడుకోవలసి వచ్చేది కాబట్టి, నాటకాల్లో పద్యాలు పాడి పండిన ఆమె గొంతు టాకీకి పెట్టుబడి అయింది. అక్కడ గాత్రం ప్రస్తావన వచ్చి ఉంటే పద్యానికి బరువు పెరిగేది.

పూరణ 2 (హైదరాబాద్ సభ్యురాలు)

నాటకమ్మున దమయంతి నటన సేయఁ
గన్నతల్లి వేదికమీఁద బిడ్డఁ గనియె;
పాప ప్రహ్లాదుఁడై యాడె, పదుగురెదుట
కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె.

సమీక్ష: అమ్మా, కమలాబాయి గారి తల్లి వెంకూబాయి గారు దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదే ప్రసవించారని, ప్రేక్షకులు అదీ నాటకంలో భాగమే అనుకున్నారని చెప్పుకునే కథను పద్యంలోకి తెచ్చినందుకు సంతోషం. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. 'గ'కు 'బి'తో మైత్రి లేదు. 'బిడ్డ'కు బదులు పేరే పెట్టి "గన్నతల్లి వేదికమీఁదఁ గమలఁ గనియె" అనండి. యతి కుదరడమే కాక, మొదటి మూడు పాదాల్లో ఎక్కడా కనిపించని నాయిక పేరు కూడా వస్తుంది. 'పదుగురెదుట' అన్న మాట మూడో పాదం చివర నిలిచి సమస్యాపాదంలోకి ఒరిగిన తీరు నాకు ఎంతో నచ్చింది.

పూరణ 3 (రాజమహేంద్రవరం సభ్యులు)

స్త్రీలు రంగమెక్కని నాఁడు చీర గట్టి
మీసములు తీసి పురుషుఁడే మెప్పుఁ బొందె
సురభి కమల రాకకు మున్ను చూడరయ్య
కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె.

సమీక్ష: ఆర్యా, స్త్రీ పాత్రలను పురుషులు ధరించిన సంప్రదాయం వైపు సమస్యను మళ్ళించడం కొత్త ఊహ. మొదటి పాదంలో 'స్త్రీ–చీ' యతిని కొందరు శంకించవచ్చు కాని, సకార చకారాలకు మైత్రి ఉంది కనుక దోషం లేదు. నా అభ్యంతరం చరిత్రకు సంబంధించినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబ సమాజంలో స్త్రీలు వేషం కట్టడం కమలాబాయి గారితో ఆరంభం కాలేదు. ఆమె తల్లే నటి. పైగా ఆమె వచ్చాక పురుషుల స్త్రీవేషాలు ఆగిపోనూ లేదు. ఆమె నటించిన కాలంలోనే స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. రెండు ప్రవాహాలు పక్కపక్కనే సాగాయి కాబట్టి 'రాకకు మున్ను' అన్నది నిలవదు. మూడో పాదాన్ని "సురభి వెలుపల నాటకశోభ యదియె" అని మార్చితే పద్యం సత్యానికి దగ్గరవుతుంది. కమల పేరు పోతుందన్న లోటు నాకూ తెలుసు. దానికి మీరే మార్గం చూడాలి.

తెనాలి సభ్యుల వ్యాఖ్య: సమీక్షకులు చెప్పిన సవరణ తీసుకుంటున్నాను. ఇంకొక మాట. కుటుంబమే సమాజమైన చోట ఈ సమస్య అసంభవమే కాదు. నిన్న బాలప్రహ్లాదుడిగా తల్లి ఒడిలో కూర్చున్న పిల్ల రేపు అదే నాటకంలో లీలావతి అవుతుంది. సురభిలో అది వేషాల వరస.

పూరణ 4 (డాలస్ సభ్యులు)

బాలుఁడై కృష్ణవేషానఁ బాడినట్టి
కమల తోటరాముని తల్లిగా నటించె
వెండితెరపైన, నిది గదా వింత చూడ
కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె.

సమీక్ష: అందరూ 'భక్త ప్రహ్లాద' దగ్గర ఆగితే, మీరు 1951 నాటి 'పాతాళ భైరవి' దాకా నడిచారు. 1932లోనే 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో నాయికగా కనిపించిన నటి, రెండు దశాబ్దాలకు ఎన్.టి. రామారావు గారికి తల్లిగా రావడం ఈ జీవితంలో మరువరాని మలుపు. 'ఇది గదా వింత చూడ' మాత్రం ఏ పద్యంలోనైనా ఇమిడే మాట. "వెండితెరపైన, వేషాల వింత యదియె" అంటే విడుపు ఆ ఒక్క 'వేషాల'లోనే దొరుకుతుంది.

డాలస్ సభ్యుల జవాబు: కృతజ్ఞుణ్ణి. తెనాలి మిత్రులు వాడిన మాట కూడా అదే కావడం నాకు ఆనందంగా ఉంది. సవరించిన పద్యం:

బాలుఁడై కృష్ణవేషానఁ బాడినట్టి
కమల తోటరాముని తల్లిగా నటించె
వెండితెరపైన, వేషాల వింత యదియె
కొడుకు తానె తల్లిగ మారి కొడుకుఁ బెంచె.