షేకర్ల "వరల్డ్స్ పీపుల్": లోకులా, లోకస్థులా?

ప్రశ్న: అమెరికాలోని షేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ఊళ్ళకు ఒకప్పుడు సందర్శకులు ఎలా ఎగబడేవారో చెప్పే వ్యాసం తెలుగు చేస్తున్నాను. తమ మతంలో లేనివాళ్ళను షేకర్లు "వరల్డ్స్ పీపుల్" అనేవారు. "ప్రపంచ ప్రజలు" అంటే ఐక్యరాజ్యసమితి ప్రకటనలా ఉంది. మంచి మాట చెప్పండి.

జవాబు: "లోకులు" చాలదా? లోకులు పలుగాకులు అని మనకు ఉండనే ఉంది.

జవాబు: ఆ సామెత ఉంది కాబట్టే వద్దంటాను. లోకులు అనగానే ఆడిపోసుకునే నోళ్ళు గుర్తొస్తాయి. షేకర్ల మాటలో అంత తిట్టు లేదు. మీరు వేరు, మేం వేరు అనడమే. మన క్రైస్తవులు "లోకస్థులు" అంటారు. యోహాను సువార్త 17వ అధ్యాయంలో "లోకసంబంధులు కారు" అని ఉంది చూడండి, ఆ వాసన ఉండాలి.

పైగా షేకర్లకు లోకస్థులు లేకపోతే గడిచేది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ లెబనాన్‌లో 1824లో కట్టిన మందిరంలో చూడవచ్చినవాళ్ళకు బల్లలుండేవి. పక్కనే లెబనాన్ స్ప్రింగ్స్. అక్కడి ఊటనీళ్ళ స్నానాలకు వచ్చిన డబ్బున్నవాళ్ళు ఆదివారం బళ్ళు కట్టించుకుని వచ్చి, షేకర్లు వరసలు కట్టి అడుగులేస్తూ చేసే ఆరాధనను తమాషా చూసినట్టు చూసిపోయేవారు. షేకర్లు రానిచ్చేవారు మరి! అందరూ బ్రహ్మచారులు, కొత్తగా చేరేవాళ్ళు ఆ జనంలోంచే రావాలి.

1842లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్ళేసరికి ఏడాదిపాటు ఆరాధనకు బయటివాళ్ళను రానివ్వట్లేదు. కొట్టు మాత్రం తెరిచే ఉంది. ఏవో చిన్న సామాన్లు కొనుక్కున్నాడు. అక్కడి కొయ్యమేకులూ టోపీలూ గడియారమూ అన్నీ ఏడుపుమొహాలే అన్నట్టు రాసి కసి తీర్చుకున్నాడు. తర్వాతి కాలంలో మేన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ అనే షేకర్ల ఊరి సిస్టర్లే (ఆడవాళ్ళే) పోలండ్ స్ప్రింగ్ హోటల్‌కు వెళ్ళి, గుండుసూదుల దిండ్లు, కుట్టుసామాను పెట్టెలు టూరిస్టులకు అమ్మేవారు.

జవాబు: బ్రహ్మచారులకు ఎదురుమాట "సంసారులు" కదా?

జవాబు: పెళ్ళికాని లోకస్థుణ్ణి ఏమంటారు మరి?

ప్రశ్న వేసినవారు: "లోకస్థులు" ఖాయం. "సంసారులు" కెంటకీలోని షేకర్ల ఊరు ప్లెజెంట్ హిల్ గురించిన పేరాలో వాడతాను. అక్కడ ఆడా మగా వేరువేరు గుమ్మాల్లోంచి నడిచిన ఊళ్ళో ఇప్పుడు టూరిస్టులకు గదులు అద్దెకిస్తున్నారు, దంపతులు దర్జాగా దిగొచ్చు.