దాగలి మొద్దుకు పచ్చి దుంగ వాడొచ్చా, ఎండేదాకా ఆగాలా?

కొత్తకొలిమి: నా దాగలి (కాల్చిన ఇనుము పెట్టి కొట్టే ఇనుప దిమ్మ) 50 కిలోలు. దాని కింద మొద్దుగా వేయడానికి ఈమధ్యే కొట్టిన గట్టి చెట్టు దుంగ ఒకటి దొరికింది. 18 అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు. పగిలిపోతుందని ఒకరు, ఏం కాదని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలి?

చిత్రిక: ఆగండి. ఎండేటప్పుడు చెక్క నడి నుంచి అంచుకు తగ్గేదానికన్నా చుట్టు వెంబడి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. అందుకే గుండ్రటి దుంగ నడిమి నుంచి విచ్చుకుంటుంది. తడి త్వరగా పోయేది కోసిన ముఖాల నుంచే, నెర్రెలు మొదలయ్యేదీ అక్కడే. బెరడు ఒలిచి (పురుగులు చేరేది దాని కిందే), రెండు ముఖాలకూ మైనమో పెయింటో పట్టించి, ఏడాది పాటు నీడన ఉంచండి.

సమ్మెటపోటు: ఏడాదికి ఏం ఎండుతుంది చిత్రిక గారూ? పలకలకే అంగుళం మందానికి ఏడాది అని చెబుతారు. ఇంత దుంగ లోపల అప్పటికీ పచ్చిగానే ఉంటుంది. అయినా పగులంటే అంత భయమెందుకు? దెబ్బ నార వెంట నిలువుగా నేలకు దిగుతుంది. నిలువు పగులు దానికి అడ్డం రాదు.

చిత్రిక: ఆ పగులు దాగలిని పట్టి ఉంచే మేకు దగ్గరే వస్తే? మేకు వదులై దాగలి ఊగుతుంది. కాలిన ఇనుము చేతిలో ఉండగా అది కదిలితే నాకైతే టెన్షనే.

సమ్మెటపోటు: అది నిజం, కాదనను. అందుకే మేకులు వద్దు, దాగలి కాళ్ల మీదుగా ఇనుప పట్టీలు వేసి పొడవాటి స్క్రూలు దింపాలి. వదులైతే బిగించుకోవచ్చు, కొంచెం పక్కకూ మార్చుకోవచ్చు. మొద్దుకు పైనొకటి, కిందొకటి కట్లు వేయండి, అవీ బోల్టుతో బిగించేవే. బండి చక్రానికి వేసినట్టు కాల్చి వేసే కట్టు ఎండిన దుంగకే. పచ్చిదానికి వేస్తే చెక్క తగ్గేకొద్దీ కట్టు జారి కింద పడుతుంది.

పాతసుత్తి: ఈ గొడవంతా ఎందుకు, మూడడుగుల దుంగ తెచ్చి సగం నేలలో పాతేస్తే సరి. ఇంచు కూడా కదలదు.

చిత్రిక: కదలదు, నేల అంచు దగ్గర కుళ్లుతుంది. తడి, గాలి రెండూ అందేది అక్కడే కదా. షెడ్డు మారిస్తే తవ్వి తీయాలి మళ్లీ.

కొత్తకొలిమి: సరే, పచ్చిదే వాడతాను. ఎత్తు మాత్రం ఎండాక కోయాలా?

సమ్మెటపోటు: ఇప్పుడే కోయండి. నిలువుగా చెక్క తగ్గేది లెక్కలోకి రానంత తక్కువ. నిటారుగా నిలబడి చేయి వేలాడేస్తే పిడికిలి కణుపులు ఎక్కడికి వస్తాయో దాగలి ముఖం అక్కడుండాలి. ఆ ఎత్తు 30 అంగుళాలు, దాగలి 10 అయితే మొద్దు 20 చాలు. అడుగున నడిమి భాగం కాస్త లోతుగా చెక్కితే అంచు మీద నిలుస్తుంది, తూగదు.

చిత్రిక: ఎత్తు మారకపోవచ్చు, పై ముఖం మాత్రం మెలిపడొచ్చు. అప్పుడప్పుడు దాగలి దించి రసమట్టం పెట్టి చూసుకోండి. కోసిన ముఖానికి ఈలోగా మైనం పూయడం మరవొద్దు, ఆ విషయంలో నేను తగ్గను.