పుటాకార పంచభుజిలో బాహ్యకోణాల మొత్తం 440° వస్తోంది
ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి బహుభుజులు చెబుతున్నాను. మామూలు పంచభుజిలో బాహ్యకోణాలు కూడితే చక్కగా 360° వచ్చింది. ఒక శీర్షం లోపలికి పోయిన పంచభుజి దగ్గరే ఆగిపోయాం. అందులో ఆ శీర్షం దగ్గర అంతరకోణం 220°, మిగతా నాలుగూ 80° చొప్పున. మొత్తం 540°, మూడు త్రిభుజాలుగా విడగొట్టినా అంతే. కానీ వరుసగా భుజాలు పొడిగించి బాహ్యకోణాలు కొలిస్తే నాలుగు 100°లు, లోపలి శీర్షం దగ్గర 40°, కలిపి 440°. పెద్ద బొమ్మ గీసి కోణమానినితో మళ్లీ కొలిచినా అదే. 180 - 220 = -40 కాబట్టి తీసేయాలని చెప్పాను. "కోణం మైనస్‌లో ఎలా ఉంటుంది నాన్నా?" అంటోంది. అడగాల్సిన ప్రశ్నే, బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. ఆ ఒక్క కోణాన్ని కూడకుండా ఎందుకు తీసేయాలో బొమ్మతో చూపించే తేలికైన పద్ధతి ఏముంది?