అప్‌డేట్: డిటెక్టివ్ నవల ముగింపు ‘మోసం’ అనిపించడం – పరిష్కారం దొరికింది

నా డిటెక్టివ్ నవలలో హంతకుడు కాంపౌండరని తేలగానే చిత్తుప్రతి చదివినవాళ్లు మోసపోయామంటున్నారని, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది, అతన్ని ముందుకు తేవడం. 24 అధ్యాయాల నవలలో 17వ అధ్యాయంలో మొదటిసారి వచ్చేవాడు; ఇప్పుడు 3వ అధ్యాయంలోనే, శవం దొరక్కముందే, మామూలు పనిమీద కనిపిస్తాడు. డిటెక్టివ్ కథలకు ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాల్లో మొదటిదే ఇది: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. దాని రెండో సగం ఇంకా ముఖ్యం: నేరస్థుడి ఆలోచనల్లోకి పాఠకుణ్ణి తీసుకెళ్లకూడదు. అతని మనసులోంచి సాగే పేజీన్నర కొట్టేశాను. ఆలోచనలన్నీ చెప్పి హత్యను మాత్రం దాస్తే ఏ పాఠకుడికైనా ఒళ్లు మండుతుంది, న్యాయమే.

మందుసీసా ఆధారం పేరా చివర ఉండేది. చూపు ఆగేది అక్కడే, కాబట్టి గుట్టు తెలిసిపోతుంది. దాన్ని గదిలోని సామాన్ల వరుసలో నడుమ పెట్టి, వెంటనే అన్నదమ్ముల గొడవ మొదలుపెట్టాను. చదివేవాళ్లు గొడవ వెంట పోతారు. తర్వాత వెనక్కి తిప్పి చూస్తే సీసా అక్కడే ఉంటుంది.

హంతకుణ్ణి మార్చాల్సిన అవసరం రాలేదు. సవరించిన ప్రతిని మాత్రం ముగింపు తెలియని కొత్తవాళ్లకే ఇవ్వండి.