4294967297 ప్రధాన సంఖ్య కాదనడానికి ఫోన్ చూపిస్తే సరిపోదా?

కోనసీమ_కుర్రాడు: రాత్రి తమ్ముడితో పెద్ద గొడవండి. 4294967297, అంటే 2³²కి ఒకటి కలిపితే వచ్చేది. ఫోన్‌లో కొడితే 641 × 6700417 అని వచ్చింది. ప్రధాన సంఖ్య కాదని తేలిపోయిందన్నాను. వాడేమో "ఎందుక్కాదో చెప్పు" అంటాడు. లబ్ధం కళ్ళముందుంటే ఇంకా ఎందుకేంటండీ?

పాలకొల్లు_మాస్టారు: తమ్ముడే రైటు. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ఫెర్మా అనే గణితజ్ఞుడు చూశాడు. అన్నీ ప్రధానాలే. ఆ వరసలో తర్వాతవీ, అంటే మీ 2³²+1 మొదలుకుని, అంతేనని నమ్మాడు. ఐదు గింజలు నలిపి చూసి బస్తాకి బేరమాడినట్టు. 1732లో ఆయిలర్ అనే మరో గణితజ్ఞుడు 641తో ఆ నమ్మకాన్ని పడగొట్టాడు.

రాజోలు_రాజు: ఫెర్మాది ఊహే. రుజువు చేతికి రాలేదని తనే ఒప్పుకున్నాడు. తప్పు ఆయన మీద రుద్దకండి.

పాలకొల్లు_మాస్టారు: రుద్దిందెవరండీ?

కాలవగట్టు: ఇంటర్‌లో ఉండగా దీన్ని 2, 3, 5 నుంచి వరసగా భాగించుకుంటూ పోయాను. 641 అనేది 116వ ప్రధాన సంఖ్య. దస్తా కాగితాలైపోయాయి. మా లెక్చరర్ చూసి "కూలి లెక్క" అని పక్కన పడేశాడు. ఇప్పటికీ మంటే.

పాలకొల్లు_మాస్టారు: ఆయన అలా అనకూడదు. కానీ దీనికి ఏ భాజకమున్నా 128తో భాగిస్తే 1 మిగలాలి. 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. రెండో దెబ్బకే దొరుకుతుంది. అసలు భాగించక్కర్లేదు కూడా. 641 అంటే 5×2⁷+1. 5⁴+2⁴ కూడా. 641తో భాగించాక మిగిలేదే చూస్తే 5×2⁷ విలువ −1, దాని నాలుగో ఘాతం 5⁴×2²⁸ విలువ 1. 5⁴ బదులు −2⁴ పెట్టండి. −2³² విలువ 1 అయింది, అంటే 2³²+1కి మిగిలేది సున్నా. అంతే!

రాజోలు_రాజు: ఈ 'భాగిస్తే 1 మిగలాలి' నియమం ఆయిలర్‌ది, అందులో ఉన్నది 64. దాన్ని 128 చేసింది తర్వాతి గణితజ్ఞుడు లూకాస్.

కాలవగట్టు: అంటే 115 సార్లు నేను గాడిదచాకిరీ చేశాననేగా? మీ మాస్టార్లందరిదీ ఒకటే తీరు!

తేమ_17: ఆ తమ్ముణ్ణి నేనే. అన్నయ్యా, గొడవ లెక్క గురించి కాదు. మొన్న దాళ్వా ధాన్యం పట్టుకెళ్తే మిల్లులో మిషన్ తేమ 21 శాతం అంది. బయట చూపిస్తే 17 లోపే. ఎలాగని అడిగితే "మిషన్ చూపించింది" అని తరుగు తీసేశారు. నువ్వు కిక్కురుమనలేదు. రాత్రి మళ్ళీ "ఫోన్ చూపించింది" అన్నావు. ఒళ్ళు మండదా?

కోనసీమ_కుర్రాడు: అదీ ఇదీ ఒకటేంట్రా? ఫోన్‌ని నమ్మక్కర్లేదు. 6700417ని 600తో గుణిస్తే 4020250200, 41తో 274717097. రెండూ కూడి చూసుకో. మిల్లు మిషన్‌ని అలా సరిచూడగలవా?

తేమ_17: మరి ఆ మాట ఆరోజు అక్కడ అనొచ్చుగా?

రాజోలు_రాజు: ఇంతకీ 6700417 ప్రధానమేనా?

పాలకొల్లు_మాస్టారు: ప్రధానమే. ఇక్కడా అదే 128 నియమం, వర్గమూలం దాకా ఉన్న ప్రధానాలు చూస్తే చాలు. 257, 641, 769, 1153, 1409. ఈ ఐదింటితో పోకపోతే ఇంక దేనితోనూ పోదు.

కాలవగట్టు: ఐదేగా. ఉండండి, కాగితం తెచ్చుకుంటా.