మరియా కల్లాస్ పెన్సిల్ బొమ్మ: పాడుతున్నట్టు కాక అరుస్తున్నట్టుంది

రేఖామాత్రం:
ఏ3 కాగితం మీద ఒపెరా (పాటలతో నడిచే నాటకం) గాయని మరియా కల్లాస్‌ని గీస్తున్నాను. 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో వేసిన 'టోస్కా' ఒపెరా రెండో అంకం, నోరు తెరిచి పాడుతున్న క్షణం. ఆ ఫోటో మసగ్గా ఉండటంతో కళ్లు, చెంపలు, గడ్డం వేరే ఫోటోల్లోంచి తీసుకున్నాను. పోలిక రావట్లేదు, పైగా కేక పెడుతున్నట్టుంది. జుట్టుకి 8బి పెన్సిల్ (బాగా మెత్తటి, ముదురు రకం) వేస్తే నల్లగా కనబడక మెరుస్తోంది.

నలుపుతెలుపు:
ఆ వేరే ఫోటోలు ఏ ఏడాదివో చూడండి. 1953–54లో ఆవిడ బాగా సన్నబడ్డారు. అంతకుముందు చెంపలు నిండుగా ఉండేవి, ఆ తర్వాత చెంప ఎముకలు, దవడ అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండూ కలిపితే పోలిక పోతుంది. ఇక ఆ ముక్కు పొడవు తగ్గించొద్దు. అందంగా ఉంటుందని పొట్టి చేస్తే ఆ మనిషే మారిపోతుంది.

వంపుగీత:
నోరు తెరిస్తే కదిలేది కింది దవడే. పైపళ్లు ఉన్నచోటే ఉంటాయి, గడ్డం కిందికి దిగి కాస్త వెనక్కి పోతుంది. మూసిన నోటి ఫోటోలోని గడ్డం ఇక్కడ అతకదు. కేకలో పెదవుల మూలలు పక్కలకి లాక్కుపోతాయి, మెడ కండరాలు తాళ్లలా లేస్తాయి. పాటలో నోరు నిలువుగా తెరుచుకుంటుంది. మూలల్ని రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి తెచ్చి, మెడ మీది గీతల్ని ముద్దలా మెత్తగా ఉండే నీడెడ్ ఎరేజర్‌తో అద్ది తేలిక చేయండి. పళ్ల మధ్య గీతలు వద్దు, వరసంతా ఒకే ఆకారంగా ఉంచండి. పైపెదవి నీడ పడుతుంది కాబట్టి పళ్లు కాగితమంత తెల్లగా ఉండవు, లేతగా గీసే గట్టి పెన్సిల్ 2హెచ్‌తో పల్చగా ఒక పూత వేయండి. నోటి లోపలంతా నల్లగా నింపితే గుంటలా తయారవుతుంది. నాలుక ముందు భాగానికి వెలుగు అందుతుంది, అక్కడ మధ్యస్థమైన బూడిదరంగు చాలు.

రేఖామాత్రం:
జుట్టు మీద ఇప్పుడు చార్‌కోల్ (బొగ్గు) వేయొచ్చా?

నలుపుతెలుపు:
నేరుగా వేస్తే జారిపోతుంది, పెన్సిల్‌లోని గ్రాఫైట్ పొర నున్నగా ఉంటుంది. రుద్దకుండా ఎరేజర్‌ని అద్దుతూ గ్రాఫైట్‌ని వీలైనంత ఎత్తేసి, అప్పుడు చార్‌కోల్ పెన్సిల్ వాడండి. ఇకముందు గ్రాఫైట్‌ని 4బి దగ్గరే ఆపి, అంతకు మించిన నలుపంతా చార్‌కోల్‌కి వదిలేయండి.

ఒక్క మాట. ఆ అంకంలో ఆవిడ గౌను ఎర్ర వెల్వెట్. నలుపు తెలుపు ఫోటోలో అదీ జుట్టూ దాదాపు ఒకే నలుపుగా వస్తాయి. తేడా చూపించేది మెరుపు పడే చోటు: జుట్టుకి వంపు మధ్యలో పట్టీలా, వెల్వెట్‌కి మడత అంచుల్లో.