హైడ్రోజన్ ఫ్లోరైడ్ బంధమే గట్టిదైతే, నీళ్లెందుకు ఆలస్యంగా మరుగుతాయి?

పరీక్షనాళిక: ఈ చాప్టర్ చదవడం ఇది మూడోసారి. హెచ్‌ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్) అణువుల మధ్య హైడ్రోజన్ బంధం, అంటే ఒక అణువులోని హైడ్రోజన్‌ని పక్క అణువు లాగి పట్టుకోవడం, నీటిలో కన్నా బలమైనదని ఒక పేజీలో ఉంది. పేజీ తిప్పితే హెచ్‌ఎఫ్ 19.5 డిగ్రీలకే మరుగుతుందట, నీళ్లేమో 100కి! రెండూ ఎలా నిజమవుతాయి? మీకు ఇది ఎలా అర్థమైందో చెప్పండి.

ఒంటరిజంట: నాకు లెక్కపెట్టాకే తలకెక్కింది. ఒక్కో బంధం ఎంత గట్టిది అన్నది పక్కనపెట్టి, ఒక్కో అణువుకి ఎన్ని పడతాయో చూడండి. నీటి అణువుకి ఇవ్వడానికి హైడ్రోజన్లు రెండు, పుచ్చుకోవడానికి ఆక్సిజన్ మీద ఒంటరి జంటలు (బంధంలో వాడని ఎలక్ట్రాన్ జంటలు) రెండు. చుట్టూ నాలుగు బంధాలు, అన్ని వైపులా వల అల్లుకుంటుంది. హెచ్‌ఎఫ్‌లో ఒంటరి జంటలు మూడున్నా హైడ్రోజన్ ఒక్కటే. అందుకే వంకర గొలుసులా సాగుతుంది, అంతే. పైగా ఆవిరయ్యాక కూడా చాలా అణువులు గుంపులుగానే ఉంటాయి, అంటే బంధాలన్నీ తెగక్కర్లేదు.

పరీక్షనాళిక: మరి అమ్మోనియా?

ఒంటరిజంట: అది తిరగేసిన కథ. హైడ్రోజన్లు మూడు, ఒంటరి జంట ఒకటే. ఎలక్ట్రాన్ల మీద నైట్రోజన్ లాగుడూ తక్కువ. −33 డిగ్రీలకే మరిగిపోతుంది.

సున్నామార్కులు: నీళ్లు మరిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని పరీక్షలో రాసొచ్చిన వాణ్ణి నేను 😅 బుడగల్లో హైడ్రోజన్ వాయువు ఉంటుందని బొమ్మ కూడా వేశాను. అణువు లోపలి ఓ–హెచ్ బంధం తెంచాలంటే మోల్‌కి దాదాపు 460 కిలోజౌళ్లు కావాలి. అణువుల మధ్య హైడ్రోజన్ బంధానికి సుమారు 20 చాలు. పొయ్యి మీద తెగేది ఈ రెండోదే. పేరులో "బంధం" అని ఉండటం వల్లే ఈ తికమకంతా అని నా గొడవ.

పసుపుచేతులు: మా ల్యాబ్‌లో జరిగింది చెప్తా. ఆర్థో, పారా నైట్రోఫినాల్ (ఫార్ములా ఒకటే, గుంపుల స్థానాలే వేరు) మిశ్రమాన్ని విడదీయడానికి అందులోకి నీటి ఆవిరి పంపించాం. ఆర్థోలో ఓహెచ్, నైట్రో గుంపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి హైడ్రోజన్ బంధం సొంత అణువులోనే పడిపోతుంది, పక్క అణువులతో పెద్దగా పని ఉండదు. అందుకే ఆవిరితో పాటు లేచి వచ్చేసింది. పారాలో ఆ గుంపులు దూరంగా ఉంటాయి, అందుకే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఫ్లాస్కులోనే ఉండిపోయాయి. ఇంతలో ఆవిరిని చల్లార్చే కండెన్సర్ గొట్టం లోపల పసుపుపచ్చ స్ఫటికాలు పేరుకుని దారి మూసుకుపోయింది. నాకు ఒకటే టెన్షన్. సీనియర్ వచ్చి చల్లనీళ్ల ట్యూబు కాసేపు కట్టేశాడు. ఆర్థో 45 డిగ్రీలకే కరుగుతుంది కదా, వేడికి మెత్తబడి జర్రున జారింది.

కొలజాడీ: 50 మి.లీ. ఇథనాల్‌లో 50 మి.లీ. నీళ్లు పోసి చూడండి. వంద రాదు, 96–97 దగ్గర ఆగుతుంది. హైడ్రోజన్ బంధాల మహిమ!

ఒంటరిజంట: మొత్తం పుణ్యం వాటికే కట్టబెట్టకండి. వేర్వేరు సైజుల అణువులు సందుల్లో సర్దుకోవడం కూడా ఉంది. బంధాల సంగతే చూడాలంటే ఇథనాల్‌ని డైమిథైల్ ఈథర్ పక్కన పెట్టండి. ఫార్ములా ఒకటే, కానీ మొదటిది 78 డిగ్రీలకి మరిగితే రెండోది −24కే. ఈథర్‌లో ఆక్సిజన్‌కి అంటుకున్న హైడ్రోజన్ లేదు.

పరీక్షనాళిక: కాగితం మీద హెచ్‌ఎఫ్ గొలుసు వేశా. ఒక్కో ఫ్లోరిన్ మీద రెండు ఒంటరి జంటలు ఊరికే మిగిలిపోతున్నాయి. ఇప్పుడు కనిపించింది!